అడిగే పని

వెర్నా టాకెట్ ఇరవై ఏళ్ళకు పైగా వృద్ధాశ్రమంలో ఆయాగా పనిచేసింది. మంచం పట్టిన ముసలివాళ్ళను ఎత్తీ దించీ చివరికి ఆమె నడుమే పోయింది. ఇక బరువులు ముట్టుకోవద్దని డాక్టరు తేల్చి చెప్పాక, రాష్ట్ర రాజధాని చార్ల్‌స్టన్‌లో టైర్ల దుకాణం మేడ మీద మూడు గదుల్లో నడిచే ఒక పరిశోధన సంస్థలో చేరింది. రెక్కల కష్టం మీద బతికే కుటుంబాలకు ఉన్న చట్టాలు ఏం చేస్తున్నాయో, ఎలాంటివి రావాలో తేల్చి శాసనసభ ముందు పెట్టడం ఆ సంస్థ పని. అంకెల సంగతి అర్థశాస్త్రం చదివినవాళ్ళు చూసుకునేవారు. వెర్నాది అడిగే పని. పాత కారేసుకుని కొండల మధ్య ఊళ్ళు తిరగాలి. గనుల్లోనో దుకాణాల్లోనో పనిచేసే వాళ్ళ ఇంటికి వెళ్ళి, పిల్లకు జ్వరం వస్తే ఎవరు చూస్తారు, పనికి పోకపోతే ఏమవుతుంది అని అడిగి, వాళ్ళ మాటలు రికార్డు చేసుకుని రావాలి.

ఆ పని ఆమెకు చక్కగా అబ్బింది. వెళ్ళగానే రికార్డరు బయటికి తీసేది కాదు. వాకిట్లో కుక్కను నిమిరేది. వంటింట్లో కుర్చీ లాక్కుని, పొయ్యి మీద ఏముందో అడిగేది.

ఐలీన్ మల్లిన్స్ అనే ఆవిడ ఇంటికి మొదటిసారి వెళ్ళినప్పుడు, ఆవిడ తలుపు సగమే తెరిచి, "ప్రభుత్వం మనిషివా, చర్చి మనిషివా?" అంది.

"రెండూ కాదమ్మా. రెంటికీ తలనొప్పిని."

లోపల సోఫాలో ఐలీన్ భర్త హార్లన్ పడుకుని ఉన్నాడు. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల నిండా పేరుకున్న మనిషి. దగ్గుకూ దగ్గుకూ మధ్య, "రానీవే. మీ అక్కలా మూడు రోజులు తిష్ట వెయ్యదులే" అన్నాడు. ఐలీన్ నవ్వుతూ తలుపు తీసింది. ఆ మధ్యాహ్నం వాళ్ళు వెర్నాకు చిక్కుడుగింజల పులుసూ మొక్కజొన్న రొట్టే పెట్టారు. భర్తను డాక్టరుకు చూపించడానికి వెళ్ళినప్పుడల్లా దుకాణంలో తన పని గంటలు ఎలా కోసేశారో ఐలీన్ చెప్పింది. వెర్నా రికార్డు చేసుకుంది. సంస్థ అచ్చువేసిన నివేదికలో ఆ మాటలు ఒక మూల వచ్చాయి.

వెర్నాకు ఒక్కతే కూతురు, డార్సీ. పెద్ద రహదారి పక్కన సరుకుల గోదాములో పెట్టెలు సర్దే పని చేసేది. పెళ్ళయిన చాలా ఏళ్ళకు కడుపు పండింది. ఐదో నెలలో డాక్టరు పరీక్షించి, బరువులెత్తొద్దు, వీలైతే పూర్తిగా విశ్రాంతి తీసుకో అన్నాడు. గోదాములో చేరి డార్సీకి ఇంకా ఏడాది నిండలేదు కాబట్టి సెలవు అడిగే హక్కు లేదు. మానేసిన ప్రతి రోజుకూ పేరు పక్కన ఒక గుర్తు పడేది. ఆ గుర్తులు మితిమీరితే ఉద్యోగం ఊడినట్టే.

"మానేసెయ్ తల్లీ," అంది వెర్నా. "ఎలాగోలా గడుస్తుంది."

"ఎలాగోలా అంటే ఎలాగమ్మా? ఆయన పనిచేసే గని మూతబడింది. ఆస్పత్రి బీమా ఉన్నది నా ఉద్యోగం మీదే. మానేస్తే కాన్పు ఎక్కడ చేయించుకోను, నీ వంటింట్లోనా?"

ఆ నెలలోనే వెర్నా సంస్థలో సరిగ్గా ఇదే విషయం మీద నివేదిక తయారవుతోంది. కాన్పుకు ముందూ వెనకా, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడూ జీతంతో సెలవు ఇవ్వాలన్న చట్టం కోసం. తన కూతురి అవస్థ దేశంలో ఎంతమందిదో ఆమెకు తెలుసు. తెలిసి చేయగలిగింది ఏమీ లేదు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం పనిలో ఉండగా డార్సీకి నొప్పి మొదలైంది. టీ విరామం వచ్చేదాకా ఓర్చుకుంది. విరామం వచ్చాక నిలబడలేకపోయింది. ఆస్పత్రికి చేరేసరికే బిడ్డ గుండె ఆగిపోయింది. ఆడపిల్ల. ఆ పిల్లకు లూయెల్లా అని పేరు పెట్టుకున్నారు. కొండ మీది శ్మశానంలో నేల గడ్డకట్టి గునపం దిగక, డార్సీ భర్త, అతని తమ్ముడు రెండు పూటలు తవ్వారు. వెర్నా పెట్టె పక్కన నిలబడి, అంత చిన్న పెట్టె కూడా తనను ఎత్తనివ్వని నడుమును తిట్టుకుంది.

వారం తిరిగాక పనిలోకి వెళ్ళింది. ఒక ఇంట్లో చంటిపిల్ల తల్లి ఎదురుగా కూర్చుని మొదటి ప్రశ్న అడగబోయి, దాని బదులు మంచినీళ్ళు అడిగింది. తాగి, ఏదో వంక చెప్పి వచ్చేసింది.

సంస్థ నడిపేది ప్రెస్టన్ హేల్ అనే కుర్రాడు. మంచివాడు. తల్లి బస్సు డ్రైవరుగా పనిచేసి చదివిస్తే పైకొచ్చినవాడు. ఒక మధ్యాహ్నం వెర్నా గదిలోకి వచ్చి, కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఒకటి అడగాలి వెర్నా గారూ. అడక్కూడనిదేమో కూడా."

"అడుగు నాయనా."

"శాసనసభ కమిటీ ముందుకు మనం అంకెలు తీసుకెళ్తే చూడరు. ఎవరైనా మనిషి వెళ్ళి చెప్తే కాసేపు వింటారు. డార్సీ గనక..." అని ఆగిపోయాడు. "వద్దంటే ఈ మాట నేను అననట్టే."

వెర్నా అతని ముఖంలోకి చూసింది. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. "నేనూ ఇలాగే అడుగుతాను ప్రెస్టన్," అంది. "ఇదే గొంతుతో. వద్దంటే ఫరవాలేదు అని కూడా అంటాను. ఎవరూ వద్దనరు."

అయినా ఆదివారం చర్చి నుంచి వచ్చాక, గిన్నెలు తుడుస్తున్న కూతురి పక్కన నిలబడి అడిగింది. డార్సీ తుడుస్తున్న గిన్నె కింద పెట్టింది.

"నా బిడ్డ మీ పుస్తకంలోకి రాదు."

"సరే తల్లీ."

"ఎంతమంది ఇళ్ళకెళ్ళి ఇలా అడిగావమ్మా?"

"చాలామందిని."

"చెప్పారా?"

"చెప్పారు."

"చెప్పాక వాళ్ళేమయ్యారు?"

చెప్పినవాళ్ళ ఇంటికి మళ్ళీ వెళ్ళడం వెర్నా పనిలో లేదు. తల్లీకూతుళ్ళు ఈస్టరు దాకా సరిగ్గా మాట్లాడుకోలేదు.

నివేదిక డార్సీ ఊసు లేకుండానే వచ్చింది. ప్రెస్టన్ దాన్ని పట్టుకుని కమిటీ ముందు మాట్లాడాడు. వెర్నా వెనక వరసలో కూర్చుని విన్నది. సభ్యులు మర్యాదగా తలూపారు. బిల్లు ఓటు దాకా రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు.

ఆ వేసవిలో వెర్నా తన సెలవు రోజుల్లో, ఇదివరకు మాటలు రికార్డు చేసుకున్న పాత ఇళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టింది. కొన్ని ఇళ్ళకు తాళాలు. ఒకచోట తలుపు ముఖం మీదే వేశారు. ఐలీన్ మల్లిన్స్ మాత్రం లోపలికి పిలిచింది. సోఫా ఖాళీగా ఉంది.

"మార్చిలో పోయాడు," అంది ఐలీన్. "నేను దుకాణంలో ఉన్నాను. వచ్చేసరికి చల్లబడిపోయాడు."

వెర్నా సంచిలోంచి రికార్డరు తీసి బల్ల మీద పెట్టింది. "ఆ రోజు రికార్డులో ఆయన మాట కూడా పడింది. కావాలంటే వినిపిస్తాను. వద్దంటే..."

"పెట్టు."

దగ్గు వినబడింది. ఐలీన్ అక్క మీద ఇంకో వేళాకోళం వినబడింది. ఐలీన్ నవ్వబోయి, భుజం మీద కొంగులా వేలాడుతున్న వంటింటి గుడ్డలో ముఖం దాచుకుంది. మళ్ళీ పెట్టమంది. వెర్నా ఆ రికార్డు అక్కడే వదిలేసి వచ్చింది.

ఎర్రబడ్డ కళ్ళతో ఇల్లు చేరిన తల్లిని చూసి డార్సీ ఏమైందని అడిగింది. వెర్నా చెప్పింది. మరుసటి శనివారం కారు తాళాలు డార్సీయే అందుకుంది. "నీ నడుముతో అంత దూరం నడపలేవులే, జరుగు."

ఆ రోజు వెళ్ళింది ట్రీనా అనే ఆమె ఇంటికి. హోటల్లో గదులు తుడిచే మనిషి. ఆమె కూడా నెలలు నిండకుండానే మగబిడ్డను పోగొట్టుకుంది. కొన్నేళ్ళ కిందట ఆ సంగతి వెర్నాకు చెప్పినప్పుడు, అసలు అది ఇంకెవరికో జరిగినట్టు చెప్పింది. ఇప్పుడు వరండాలో నిలబడి వెర్నాను గుర్తుపట్టి, "మళ్ళీ ఏం కావాలి?" అంది.

"ఏమీ వద్దమ్మా. ఎలా ఉన్నావో చూద్దామని."

ట్రీనా చూపు డార్సీ మీద పడింది. "ఈ అమ్మాయెవరు?"

"నా కూతురు."

డార్సీ ముందుకు వెళ్ళి ఏదో అంది. వెర్నాకు వినబడలేదు. ట్రీనా వరండా బల్ల మీద కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది. వెర్నా వచ్చి కారులో కూర్చుంది. అద్దాలు ఎత్తేసింది. మాట్లాడుతుంటే డార్సీ చేతులు కదలడం కనిపించింది. గోదాములో నొప్పి వచ్చిన రోజు నుంచి ఆ చేతులు అలా కదలగా ఆమె చూడలేదు. ఎండ కొండ వెనక్కి దిగేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.

తిరుగుదారిలో వెర్నా ఏమీ అడగలేదు. నది వంతెన దాటాక డార్సీయే అంది.

"ఆవిడ బాబుకు పేరు పెట్టలేదట. పెట్టే తీరిక కూడా లేకుండా పనిలోకి వెళ్ళిపోయిందట. ఇవాళ పెట్టింది."

"ఏం పేరు?"

"అది నీకు చెప్పొద్దంది."

వెర్నా తలూపింది. డార్సీ ఏడుస్తూనే కారు నడిపింది. పక్కకు ఆపమని తల్లి అనలేదు.

డార్సీకి మళ్ళీ పిల్లలు కలగలేదు. గోదాము మానేసి బడిలో వంటపనికి చేరింది. బిల్లును ఆ తర్వాత కూడా పెడుతూ వచ్చారు, అది కమిటీలోనే పోతూ వచ్చింది. డబ్బిచ్చే దాతలు తగ్గి సంస్థ రెండు గదులు ఖాళీ చేసింది. మిగిలిన ఒక గదిలో ప్రెస్టన్, ఇంకొక అమ్మాయి, వెర్నా. నడుము బొత్తిగా సహకరించని దాకా ఆమె ఆ కొండదారుల్లో తిరిగింది. కొత్త ఇంటికి వెళ్ళే రోజున, దారిలో ఏదో ఒక పాత ఇంటి ముందు కూడా కారు ఆపేది.