ఒక్క సెమికోలన్‌కు ముప్పై తప్పులు

మొన్న మనవరాలు రాసుకుంటున్న ప్రోగ్రామ్‌లో ఎక్కడో ఒక గుర్తు తప్పిపోతే, ఆ ఒక్కచోటే ఎర్రగీత పడి మిగతాదంతా నిశ్చింతగా ఉండిపోవడం చూసి నాకు మా వదిన గుర్తుకొచ్చింది.

మార్కాపురంలో ఒక కాలేజీలో నేను కంప్యూటర్లూ, మా అన్న భార్య లెక్కలూ చెప్పే రోజులవి. పిల్లలు నేర్చుకోవడానికని నేనే ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారుచేసి, రాసింది సరిగా ఉందో లేదో చదివి చెప్పే పార్సర్ కూడా రాసి, గర్వంగా తిరిగేవాణ్ణి. అయితే వాక్యం చివర చుక్కలా పెట్టాల్సిన సెమికోలన్ గుర్తు ఒక్కటి మరిచిపోతే చాలు, నా పార్సర్ తికమకపడి, కిందనున్న మంచి లైన్లన్నిటినీ తప్పులని చూపించేది. కొనకనమిట్ల నుంచి బస్సులో వచ్చే ఒక కూలివాళ్ల అమ్మాయి, వారానికి ఒక్క గంట దొరికే ల్యాబులో, తెరనిండా ముప్పై తప్పులు చూసి, "నాకిది రాదులే సార్, ఇంక రాను" అని మెల్లగా చెప్పి వెళ్లిపోయింది, అన్నట్టే కాలేజీ మానేసింది.

ఇంట్లో ఆ సంగతి చెబితే వదిన ఆ అమ్మాయి ప్రోగ్రామ్ రాసిన కాగితం అడిగి తీసుకుని, ఆసాంతం చదివి, "ఆ పిల్లది ఒక్క తప్పే అబ్బయ్యా. మిగతాయన్నీ నీ పార్సర్ చేసినవి" అన్నది.

కంప్యూటర్ నా దగ్గరే నేర్చుకున్న మనిషి అంత మాట అనేసరికి నాకు రోషం వచ్చింది. ఆవిడ మాత్రం పిల్లలు తప్పులొచ్చాయని పారేసిన ప్రోగ్రామ్ కాగితాలన్నీ ఏరి తెచ్చుకుని, వేసవి సెలవులంతా వాటితోనే గడిపింది. తప్పు తగలగానే తర్వాతి సెమికోలన్ దాకా దాటేయమని మొదట పార్సర్‌లో రాసి, అట్లా చేస్తే మధ్యనున్న అసలు తప్పులు కూడా మరుగున పడుతున్నాయని తనే కనిపెట్టి, అంతా చెరిపేసింది. చివరికి, గుర్తు ఒక్కటే లోపిస్తే అది ఉన్నట్టే అనుకుని సాగమనీ, కుదరనప్పుడే కొత్త వాక్యం మొదలయ్యే చోటు దాకా దాటమనీ దానికి నేర్పింది.

సెలవులు ముగిశాక తనే కొనకనమిట్ల బస్సెక్కి వెళ్లి, ఆ అమ్మాయి తల్లితో ఏం మాట్లాడిందో గాని, పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. పాత ప్రోగ్రామే మళ్లీ టైపు చేయించింది. ఏడో లైన్ చివర సెమికోలన్ లేదని తెరమీద ఒక్క ముక్క వచ్చింది. అమ్మాయి అది పెట్టగానే ప్రోగ్రామ్ నడిచింది. వెనక్కి తిరిగి, "ఇంతేనా మేడమ్?" అన్నది.

"ఇంతే తల్లీ. ఆ రోజు కూడా ఇంతే" అన్నది వదిన.

ఆ పిల్ల డిగ్రీ పూర్తి చేసింది. నేను పాఠాలు చెప్పినన్నాళ్లూ వదిన దిద్దిన పార్సరే వాడాను.

ఇప్పుడు తప్పు కొట్టి మీట మీంచి వేలు తీసేలోపే కంప్యూటర్ దిద్దేస్తున్నది, సంతోషమే. దాని వెనకా ఎవరో ఓర్పున్నవాళ్లు కూర్చునే ఉంటారు. కానీ వాళ్లకు మన పిల్లల ముఖాలు తెలియవు, మనకు వాళ్ల పేర్లు తెలియవు. మానేసిన పిల్ల ఇంటికి వెళ్లి, తప్పంతా నీది కాదమ్మా అని చెప్పే మనిషి మాత్రం ఈ రోజుల్లో నాకెక్కడా కనబడడం లేదు.