వరుస కాలే

బ్యాటరీల కాక పోయాడని ఆయన కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను జాకెట్టుకు కాజాలు కుడుతున్నాను. ఫోను కరీంనగర్ ఆసుపత్రి నుంచి. "అక్కా, నాయిన లేడు," అన్నాడు, అంతే. కోరుట్లలో మా రెండు షట్టర్ల మధ్య ఒకటే గోడ. ఇటు నా కుట్టుమిషను, అటు ఆయన బల్ల. తొమ్మిదేళ్లుగా ఆ గోడ అవతల వినపడిన దగ్గు ఇక వినపడదు.

కాక ఒకప్పుడు కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. నడుముకు దెబ్బ తగిలాక ఆ పని మాని, మందు కొట్టే పంపులకూ స్కూటర్లకూ లిథియం బ్యాటరీలు కట్టడం నేర్చుకున్నాడు. చెట్టెక్కేవాడి జాగ్రత్త మాత్రం పోలేదు. మోకు లాగి చూసుకున్నట్టే ప్రతి వైరూ లాగి చూసేవాడు. సెల్లులను పక్కపక్కన జట్టుగా కలిపితే వాటిని 'పాలోళ్లు', అంటే దాయాదులు, అనేవాడు. ఆ జట్లను ఒకదాని వెనక ఒకటి కలిపితే 'వరుస'.

"పాలోళ్లల్ల ఒకడు కడుపు నిండి, ఒకడు పస్తుంటే, కలిపినంక కొట్లాటే బిడ్డా. అందర్నీ ఒక్క తీరు చేసి కలపాలె. ఇగ వరుస సంగతి వేరే. చార్జరు మొత్తమే చూస్తది, ఎవని కడుపు నిండిందో దానికెర్క లేదు. నిండినోనికి ఇంకా పోస్తే పగులుతడు. గందుకే ఈ బోర్డు. ఇది కాపలా."

"పెండ్లి సంబంధమా కాకా, వరుసలు చూస్తున్నవ్?" అని నవ్వేదాన్ని.

"పెండ్లి చెడితే పిల్ల ఇంటికస్తది. ఇది చెడితే ఇల్లే ఉండది."

చార్జింగ్ పెడితే పక్కనుంచి కదిలేవాడు కాదు, చాయ్ కూడా అక్కడికే తెప్పించుకునేవాడు. "పొయ్యి మీద పాలు పెట్టి ఊరికి పోతమా?" అనేవాడు. అన్నానికి వెళ్లాలంటే ముందు ప్లగ్గులన్నీ పీకాల్సిందే.

అలాంటి మనిషి గురించి అంత్యక్రియల్లో అందరూ ఒకటే మాట అన్నారు. "గంత పనోడు, గిట్లెట్ల ఏమరిండు?"

ఏమరింది ఆయన కాదు, నేను. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా పక్కనే ఉన్న ఇబ్రహీంపట్నం నుంచి మా తమ్ముడు బ్యాటరీ కట్టమని కాకకు పంపు తెచ్చి ఇచ్చి ఆ రోజుకి రెండు రోజులైంది. వరికి దోమ పట్టిందని పూటకో ఫోను చేస్తున్నాడు. ఆ మధ్యాహ్నం కాక అన్నానికి పోతూ కొట్టు చూడమన్నాడు. తమ్ముడి పంపు మీద సుద్దముక్కతో 'వరుస కాలే' అని రాసి ఉంది. దాని బ్యాటరీ బల్ల మీద ఉంది. వంతు ఇంకా రాలేదని చదువుకున్నాను. చార్జరు ఖాళీగానే ఉంది కదా, ఆయన వచ్చేలోగా కొంత ఎక్కుతుందని తగిలించాను. పిన్ను పట్టింది. అంతలో కొలతలివ్వడానికి ఒకామె వస్తే ఇటు వచ్చేశాను.

వరుసలో సెల్లులింకా ఒక్క తీరుకు రాలేదని, కాపలా బోర్డు బిగించలేదని ఆయన పెట్టుకున్న గుర్తు అది.

కాక వచ్చేసరికి బ్యాటరీ బుసకొడుతోంది. గోడకు ఇవతల నేను, నా చీరల మూటలు. "బయటికి ఉరుకు బిడ్డా!" అని అరిచి, దాన్ని ఒట్టి చేతులతో ఎత్తుకొని, ఇలాంటప్పటికని వీధిలో తను పెట్టుకున్న ఇసుక తొట్టి వైపు పరుగెత్తాడు. తొట్టి చేరకముందే చేతుల్లోనే అంటుకుంది. అక్కడినుంచి అంగీకి పాకింది.

ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన ఏడుస్తూ చెప్పేశాను. ఆయన కట్టు కట్టిన చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు.

"ఎవ్వలకు చెప్పకు. తప్పు నా రాతది. ముట్టకుండ్రి అని రాస్తే అయిపోతుండె."

ఆ మాట చాటున దాక్కున్నాను. ఆయన పేరు చెడుతుంటే విని కూడా నోరు విప్పలేదు. ఇప్పుడు విప్పితే ఏం లాభం? ఇది చదివి ఎవరైనా ఆయన్ని మంచి పనివాడన్నా, వినడానికి ఆయన లేడు. నాకూ ఏమీ తేలికపడలేదు.

పక్క షట్టరు మూసే ఉంది. పంపు తీసుకుపొమ్మంటే తమ్ముడు వద్దన్నాడు. అది ఆ షట్టరు ముందే నిలబడి ఉంది, సుద్ద రాత చెరగలేదు. తుడవడానికి నాకు చెయ్యి రావడం లేదు. సంగతి తెలియని రైతులు దాని వెనకే తమ పంపులు పెట్టి పోతున్నారు. నిన్న ఒక పెద్దాయన ఐదో పంపు దించి, నా వైపు తిరిగి అడిగాడు.

"మా వరుస ఎప్పుడస్తది బిడ్డా?"