చవితి చంద్రుడు, నా జైలు

తెలంగాణ కోసం నేను ఆరు నెలలు జైలులో ఉన్న. ఈ మాట మనవళ్లకు చెప్పిన, శాలువా కప్పినప్పుడు మైకులో కూడా చెప్పిన. ఇప్పుడు రాయబోతే కలం మొండికేస్తున్నది. సరే, మూడు నెలలు. అదీ కాదు, పొద్దుగూకిన కాడి నుంచి తెల్లారి పది దాక. జైలు కూడా కాదు, బచ్చన్నపేట దిక్కు మా ఊరి పంచాయతీ ఆఫీసు.

తెలంగాణ కావాలని బడులు, కాలేజీలు మూతబడ్డ ఏడే మనిషి చంద్రుని మీద కాలు పెట్టిండు. జనగామలో చదువుతున్న నేను ఇంటికొచ్చి, రేడియోలో విన్నదంతా ఊరికి చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్న. అక్కడ గాలి లేదు, నీళ్లు లేవు, అన్నీ రాళ్లూ దుమ్మూ. మా అవ్వకు ఒకటే అనుమానం.

“శివుని నెత్తి మీద ఉండేటాయన గదరా. చెప్పులిడిసే తొక్కిన్రా?”

“ఇడిస్తె సస్తరు అవ్వా.”

“ఇడవకుంటె పాపం గాదూ?”

అంతలో వినాయక చవితి వచ్చింది. ఆ నాడు చంద్రుణ్ణి చూస్తే చెయ్యని తప్పు మీద పడుతుందని మా దిక్కు నమ్మకం. పూజలో కథ విని అక్షింతలు వేసుకున్నోళ్లకు భయం లేదు. నేను కథా వినలేదు, అక్షింతలూ వేసుకోలేదు. పొద్దుగూకంగనే వాకిట్లో నిలబడి నెలవంకను కండ్లార చూసిన.

“రాయిని చూస్తె ఏమైతదవ్వా?”

అవ్వ కోపం చెయ్యలేదు. “పాలకుర్తిల నీ దోస్తు ఏం జేసిండని పోలీసోళ్లు పట్టుకపోయిన్రు?” అని మెల్లగ అడిగింది.

నా సైన్సు అక్కడితో ఆగిపోయింది. చదువుకునేటోళ్ల మీద కేసు రాయడానికి ఆ రోజుల్లో సాకు అక్కర్లేదు. కేసు పడితే టీచర్ ట్రైనింగ్ సీటు పోయినట్టే. దోషానికి విరుగుడు ఒకటే ఉంది: ఎవరింటి మీదనన్న రాయేసి, ఆ ఇంటోళ్లతో తిట్లు తినాలె.

మా వాడలో పుట్నాలమ్మే ముసలమ్మ తిట్టడంలో తాలూకాకే మొదటిది. ఉరికిపోయి ఆమె ఇంటి పెంకుల మీద రాయేసిన. ఆమేమో భజనకు పోయింది. రాయి పెంకుల మీదికెల్లి దొర్లి, పక్కనే, గొడవలని పోలీసోళ్లు దిగిన పంచాయతీ ఆఫీసు ముంగట కాపలా ఉన్న జవాను కాళ్లకాడ పడ్డది.

పోలీసోళ్ల మీద రాయేసిన స్టూడెంటును నేను. చంద్రుని సంగతి చెప్తే ఒక్కడూ నమ్మలే, రాత్రంత ఆఫీసులనే కూసోబెట్టిన్రు.

తెల్లారి హెడ్డు కానిస్టేబుల్ కాగితం తీసి నా పేరు రాస్తుంటే, పుట్నాల అవ్వ గంపతో వచ్చి నిలబడ్డది.

“రాయి పడ్డది నాయింటి మీద. నేను తిట్టకముందే మీరెట్ల పట్టుకుంటరు?”

ఇక అందుకున్నది. “నీ చెయ్యిరగ. సదువుకున్న గాడిదీ. పెంకులు నీ అయ్య కప్పిచ్చిండ్రా?” గంటసేపు తిట్టింది. లేదు, ఐదు నిమిషాలే. ఒక్కొక్క తిట్టుకు నా పానం తేలికైంది. నవ్వుతున్న నన్ను చూసి హెడ్డుకు చంద్రుని సంగతి మీద నమ్మకం కుదిరింది. కాగితం చింపి, “నడువ్” అన్నడు.

నేను మెట్లు దిగుతుంటే జవాను ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నడు: “అవ్వా, రాయి యాడికెల్లి వచ్చిందని మీదికి చూసిన. చంద్రుడు కండ్లవడ్డడు. నన్ను గూడ జర తిట్టరాదు.”

“నీకేం భయం బిడ్డా,” గంప ఎత్తుకుంటూ అన్నది పుట్నాల అవ్వ. “ఈ ఏడు మిమ్ముల ఊళ్లకు ఊళ్లే తిడుతున్నయి.”