నూనె వేసిన చక్రాలు

ఆసుపత్రిలో అతన్ని అందరూ బొంగరం అంటారు. స్ట్రెచర్లు తోసే పని. కూర్చుంటే కాలు ఊగుతుంది, నిలబడితే వేళ్లు ఆడతాయి. "అరికాళ్ల కింద నిప్పులున్నాయా?" అంటారు నర్సులు. అయినా పచ్చి కుట్లున్న రోగి అంటే అతన్నే పిలుస్తారు. స్ట్రెచర్ పరుగును ఒక్కసారిగా లాక్కుంటే దెబ్బ, కొంచెం కొంచెంగా అడిగి తీసుకుంటే జోల. అది అతని చేతులకు తెలుసు.

ఆ రోజు స్ట్రెచర్ మీద ఉన్నది అక్క. అమ్మ పోయాక పెంచింది ఆవిడే. నిద్రపట్టేదాకా అతని కాలి మీద తన కాలు వేసి పట్టుకునేది. ఇప్పుడు పొట్ట మీద కుట్లు. ఒక్క కుదుపు కూడా తగలకూడదంది డాక్టరమ్మ.

కీచుశబ్దం అక్కకు చిరాకని పొద్దున్నే చక్రాలకు తనే నూనె వేశాడు. తోడు రావలసిన మనిషి ఇంకా రాలేదు. అతను ఆగలేక ఒక్కడే తోసుకుంటూ బయల్దేరాడు.

"మెల్లగారా. నీ చేతిలో పడి బతికిన కుండ ఒక్కటి చెప్పు."

"నువ్వు కుండవా? మాట్లాడకుండా పడుకో అక్కా."

వాలుదారి మొదలైంది. రోజూ వాలు ముందుకు లాగితే, చక్రాల మొరాయింపు వెనక్కి పట్టేది. మిగిలిన తేడా వరకే అతను ఆపుకునేవాడు. ఇవాళ చప్పుడు లేదు, ఆ పట్టూ లేదు. వాలు లాగిందంతా పరుగులోకే చేరుతోంది. అడుగడుక్కీ వేగం పెరుగుతోంది. కింద మలుపు, ఎదురుగా గోడ.

పాదం బ్రేకు మీదికి పోయి వెనక్కి వచ్చింది. తొక్కితే స్ట్రెచర్ ఆగుతుంది, అక్క ఆగదు.

చెప్పులు విదిలించి పారేశాడు. ఒళ్లంతా వెనక్కి వాల్చి, భుజాన్ని పక్కగోడకు ఒత్తాడు. సున్నం గరగరలాడింది. చొక్కా చిరిగి, చర్మం మండింది. గోడ కొంత, అరికాళ్లు కొంత, ఆ పరుగును పంచుకుంటూ పోయాయి. మలుపు ముందు స్ట్రెచర్ నిట్టూర్చినట్టు ఆగింది.

"ఏరా, ఆపావేం?" కళ్లు తెరవకుండానే అడిగింది.

"ఊరికే. చొక్కా గోడకు పట్టుకుంది."

"ఇంకా గోడలు రాసుకుంటూనే నడుస్తున్నావా?"

"నవ్వకు! కుట్లు!"

ఆమె ఒంట్లోకి పోవలసిన కుదుపంతా తనలోకి వచ్చినట్టు అతని చేతులు స్ట్రెచర్ కడ్డీ మీద గడగడలాడుతున్నాయి. అక్క తడుముకుంటూ చెయ్యి చాపి, వాటి మీద వేసింది. వణుకు వెంటనే ఆగలేదు.