కూజాలో అక్క

ఇంట్లో పిల్లలందరూ గాజుపిన్ని అని పిలిచే ఆవిడ పాతికేళ్లు మ్యూజియంలో ఒకే పని చేసింది. పాతకాలపు గాజు కూజాలనూ, గిన్నెలనూ, సీసాలనూ నీటిరంగుల్లో ఉన్నదున్నట్టు దించడం. ఫోటోల్లో రంగులు సరిగ్గా రాని రోజులవి. అంచున పెచ్చు లేస్తే ఆ పెచ్చూ, లోపల బుడగ ఉంటే ఆ బుడగా, ఏదీ వదిలేది కాదు. గాజు మీది మెరుపుకు మాత్రం రంగు వేసేది కాదు. అక్కడ కాగితాన్ని తెల్లగా వదిలేసేది. ఎక్కడ ఆపాలో తెలియడమే పనితనం అనేది.

పనిలో కూర్చుంటే ఆవిడకు ఒళ్లు తెలియదు, ఆకలి అసలే తెలియదు. అందుకే అక్క రోజూ మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి, కిటికీ దగ్గర నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడేది.

"తింటావా, నోట్లో కుక్కమంటావా?"

ఒకసారి నీలం కూజా బొమ్మ చూసి పెద్దాఫీసరు కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఇందులో ఈ మనిషెవరమ్మా?"

"మా అక్కండీ. కూజాలో కనబడింది, వేసేశాను."

"మన రికార్డులో మీ అక్కెందుకమ్మా? ఇంకోటి వేసివ్వండి."

పిన్ని నాలుక కరుచుకుంది. మర్నాడు అక్కను గుమ్మం దగ్గరే ఆపి, ఇంకోటి వేసిచ్చింది. తప్పులున్న బొమ్మలను చించెయ్యడం అక్కడి పద్ధతి.

ఈమధ్య అక్క పోయింది. కెమెరా కనబడితే ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకునే మనిషి. ఇల్లంతా వెతికితే దొరికినవన్నీ అరచేతి ఫోటోలే. అక్క కూతురి ఏడుపు చూడలేకపోయిన పిన్నికి ఆ బొమ్మ గుర్తొచ్చింది. చించేసే ఉంటారని తెలుసు. అయినా పిల్లను వెంటబెట్టుకుని మ్యూజియానికి బయల్దేరింది. "చూసొద్దాం పద, పోయేదేముంది" అంది.

రికార్డు గదిలో గుమాస్తా అమ్మాయి ఫైలు తెరిచింది. కూజా ఉంది. అందులో ఎవరూ లేరు. కింద పెద్దాఫీసరు దస్తూరి: "నీలం కూజా." పిన్ని ప్రాణం ఉసూరుమంది.

"ఆగండమ్మా, దీని వెనక ఇంకోటుంది" అంది గుమాస్తా.

అదే కూజా. దాని పొట్టలో తెల్లగా వదిలిన కిటికీ, కిటికీలో బొటనవేలంత అక్క. ఒక చేతిలో క్యారేజీ, రెండో చెయ్యి నడుం మీద. కింద అదే దస్తూరి: "నీలం కూజా, అక్కతో."

"అమ్మే పిన్నీ! తిట్టబోతోంది" అంది పిల్ల, ఏడుస్తూనే నవ్వుతూ.

పిన్ని చాలాసేపు చూసింది. అక్క పోయాక తొలిసారి ఆవిడకు ఆకలేసింది.