జవాబొచ్చేదాకా వరహాలరావు మాస్టారు

వరహాలరావు మాస్టారు ఒక ప్రశ్న అడిగారంటే, జవాబు వచ్చేదాకా ఇంక నోరు విప్పరు. మనిషి బంగారం, ఇదొక్కటే జబ్బు. నిమిషం పట్టనీ, గంట పట్టనీ, పైకప్పు రేకులు లేచిపోనీ, ఆయన మాత్రం ఎదుటివాళ్ళ మొహంలోకి చల్లగా చూస్తూ అలాగే నిలబడి ఉంటారు.

అరకు కొండల్లోని ఆ డిగ్రీ కాలేజీకి 1998 జూలైలో బోటనీ లెక్చరర్‌గా కొత్తగా వచ్చిన సాయిదుర్గకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆమెది విజయనగరం. ఏ పనైనా చకచకా అయిపోవాలనే రకం. మొదటిరోజు స్టాఫ్‌రూములో, బోటనీకే సీనియరైన మాస్టారు, కాఫీ తాగుతావా అమ్మా, టీ తాగుతావా అని అడిగారు. పెద్దాయన ముందు మొహమాటపడి ఆమె ఊరికే నవ్వింది. అంతే, ఆయన నిలబడిపోయారు. బెల్లు కొట్టారు. పక్కగదిలో క్లాసు మొదలై అయిపోయింది కూడా. ఆయన కదల్లేదు. పెద్దాయనకేదో అయిందని సాయిదుర్గ మంచినీళ్ళ కోసం చుట్టూ వెతికింది. చివరికి అటెండరు మల్లేశు పరుగున వచ్చి ఆమె చెవిలో ఊదాడు.

"ఏదో ఒకటి సెప్పీండి మేడమ్. నేకపోతే సాయంత్రం దాకా ఇంతే."

సాయిదుర్గ టీ అంది. మాస్టారు తలూపి, హాయిగా వెళ్ళి కూర్చున్నారు.

తర్వాత మల్లేశు ఆయన చరిత్రంతా విప్పాడు. ఒకసారి పాడేరు బస్సు తలుపు దగ్గర నిలబడి, బండి ఎన్నింటికి చేరుతుందని కండక్టరుని అడిగారట. కండక్టరుకి ఆ పూట ఏదో చిరాకు, చెప్పనన్నాడు. ఈయన తలుపు వదల్లేదు. బస్సు గంటన్నర ఆలస్యంగా కదిలింది. ఇంట్లో భార్య చిన్నమ్మలు గారికి మాత్రం ఈ జబ్బు కలిసొచ్చింది. ఏటి కూర అని ఆయన అడగ్గానే ఆవిడ జవాబు చెప్పకుండా రేడియో పెట్టుకుంటుందట. ఆ పూటకి ఇల్లు ప్రశాంతం.

అన్నిటికన్నా పెద్దది సోంబరు అనే కుర్రాడి కథ. ఒక మంగళవారం క్లాసులో వాణ్ణి మాస్టారు ఏదో అడిగారు. వాడు చెప్పలేకపోయాడు. మర్నాడూ, ఆ మర్నాడూ ఆయన ఆ క్లాసుకి వెళ్ళి వాడి మొహమే చూస్తూ నిలబడ్డారు. శుక్రవారం సంతలో వాడు చింతపండు మూట నెత్తిన పెట్టుకుని ఎదురుపడి, ఆగి, జవాబు చెప్పేశాడు. బాగుంది, కూర్చో అన్నారు మాస్టారు. వాడు నడిసంతలో మూటతో సహా కూర్చున్నాడు.

సాయిదుర్గ ఇదంతా నమ్మలేదు. ఒకరోజు ఆయన క్లాసుకి వెళ్ళి వెనకబెంచీలో కూర్చుంది. మాస్టారు ప్రశ్న పూర్తిచేయకముందే నవీన్ చెయ్యెత్తేశాడు. వాడు బ్యాంకు మేనేజరు కొడుకు, అనకాపల్లిలో ఇంగ్లీషు మీడియం చదివొచ్చినవాడు. "నీది దాసుకోరా నాయనా, కుళ్ళిపోదులే" అన్నారు మాస్టారు. ఆ తర్వాత మౌనం. నాలుగు నిమిషాలు, అయిదు నిమిషాలు. అరవైమంది పిల్లల్ని ఎదురుగా పెట్టుకుని ఒక లెక్చరరు ఊరికే నిలబడటం సాయిదుర్గ కలలో కూడా ఎరగదు.

బయటికి రాగానే, ఇలాగైతే సిలబస్ ఎప్పటికి అవుతుందని నిలదీసింది.

"నాది బేగినే అయిపోద్దమ్మా. ఆళ్ళది అవ్వాల కదా" అన్నారాయన.

ఈయనకి నిజంగానే ఏదో తేడా ఉందని సాయిదుర్గ తేల్చేసుకుంది. ఆమె పద్ధతి వేరు. అడగడం, మూడు లెక్కపెట్టడం, తెలీదా కూర్చో అనడం, పుస్తకంలో సున్నా వెయ్యడం.

ఆ సున్నాలు ఎక్కువగా పడేది రాజకుమారికి. పెదబయలు అవతల కొండమీద పిల్ల, బీఎస్సీ ఆఖరి ఏడు. రాతపరీక్షలన్నీ పాసయింది గానీ, కిందటేడు వైవాలో ఒక్క మాటైనా మాట్లాడలేక తప్పింది. ఈసారీ తప్పితే బీఎడ్ ఆశ వదులుకుని ఇంటికి పోయి కాఫీ పళ్ళు కోసుకుంటానని సాయిదుర్గతోనే చెప్పింది. ఆ ముక్క చెప్పడానికే వరండాలో పావుగంట తీసుకుంది.

మార్చిలో వైవా. కొండ దిగువ నుంచి వచ్చిన ఎగ్జామినరు మధ్యాహ్నం రైలు అందుకోవాలని చేతి గడియారం విప్పి బల్లమీద పెట్టుకున్నారు. ఒక ప్రశ్న, రెండు క్షణాలు, తెలీదా, నెక్స్ట్. ఆ వేగం చూసి సాయిదుర్గకి ముచ్చటేసింది. పక్క కుర్చీలో మాస్టారు బుద్ధిగా కూర్చున్నారు.

రాజకుమారి వచ్చి నిలబడింది.

"పుష్పోద్భవాన్ని ప్రభావితం చేసే బాహ్య కారకాలేమిటి?" అన్నారు ఎగ్జామినరు.

పిల్ల తల దించుకుంది. ఒకటి, రెండు. ఎగ్జామినరు పెన్ను మూత తీశారు.

సరిగ్గా అప్పుడు వరహాలరావు మాస్టారు మాట్లాడటం మొదలుపెట్టారు. మామూలుగా కాదు. వాళ్ళ ఊళ్ళో పండే వంకాయల గురించి, ఆ వంకాయలకి పట్టిన పురుగు గురించి, ఆ పురుగుకి మందు కొట్టబోయి బావిలో పడ్డ తమ్ముడి గురించి, ఆ తమ్ముడి పెళ్ళిలో వండించిన పనసపొట్టు కూర గురించి, గుక్క తిప్పుకోకుండా. ఎగ్జామినరు అడ్డుపడబోతే, పెన్ను పట్టుకున్న ఆయన చేతిని రెండు చేతులతో ఆప్యాయంగా పట్టేసుకుని మరీ చెప్పారు. మల్లేశు చేతిలోంచి టీ ట్రే జారి కిందపడింది. పదహారేళ్ళలో మాస్టారు అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం వాడు వినలేదు. పాపం, పెద్దాయనకి మతిపోయిందనే సాయిదుర్గ అనుకుంది. కానీ ఆయన చూపు ఎగ్జామినరు మీద లేదు, రాజకుమారి మీద ఉంది.

సాయిదుర్గ కూడా అటు చూసింది. పిల్ల పెదాలు కదులుతున్నాయి. మెల్లగా దగ్గరికి జరిగి విన్నది. ముందు వాళ్ళ కొండభాష కువిలో ఏదో గొణుగుడు, తర్వాత ఒక తెలుగు ముక్క, మళ్ళీ కువి. ఆ కొరకరాని ప్రశ్నని పిల్ల తన భాషలోకి మార్చుకుని, అక్కడ జవాబు వెతుక్కుని, దాన్ని మళ్ళీ తెలుగులో పేర్చుకుంటోంది. మూడు లెక్కపెట్టేలోపల అయ్యే పనా అది? తను వేసిన సున్నాలన్నీ సాయిదుర్గకి గుర్తొచ్చాయి.

మాస్టారు కూరలో ఆవ పెట్టే దగ్గరికి వచ్చేసరికి రాజకుమారి "సార్" అంది. ఆయన టక్కున నోరు మూసేశారు.

"మా కాఫీ తోటలో మొగ్గలొచ్చి ఆగిపోతాయి సార్. ఎండల్లో ఒక వాన పడాల. పడిన తొమ్మిదో రోజుకో పదో రోజుకో తోటంతా ఒక్కసారే పూస్తాది. పడకపోతే మొగ్గ మొగ్గలాగే ఉండిపోద్ది. నీరు, వేడి, పగటి నిడివి. ఇయ్యే కారకాలు."

ఎగ్జామినరు పెన్ను కింద పెట్టేశారు. తోటలో ఆ పదోరోజు సంగతి ఆయనకీ కొత్తే. ఇంకో ప్రశ్న అడిగి, గడియారం వంక చూసి, రైలు ఎలాగూ పోయిందని గ్రహించి, ఈసారి ఆగారు. యాభైకి ముప్పై ఎనిమిది వేసి వెళ్ళారు.

గది ఖాళీ అయ్యాక, పిల్లల సంగతి మీకెలా తెలిసింది మాస్టారూ అని సాయిదుర్గ అడిగింది. కొత్తలో ఆయనా సున్నాలు వేసినవారేనట. ఒకనాడు సంతలో అచ్చియమ్మ అనే ముసలావిడ దగ్గర అల్లం కొనబోయి, వచ్చీరాని కువిలో అడగాలని సరదాపడి, మాట గుర్తురాక నిలబడిపోయారట. వెనక జనం తోసుకుంటున్నా ఆవిడ తొందరపెట్టలేదు, నవ్వలేదు, ఇంకొకరి బేరం చూడలేదు. ఆయనకి మాట దొరికేదాకా అలా చూస్తూ కూర్చుంది.

"ఆయమ్మ నాకు సున్నా ఎయ్యలేదమ్మా" అన్నారు మాస్టారు.

మర్నాడు సాయిదుర్గ తన పుస్తకంలో సున్నాలున్న పిల్లలందర్నీ కబురు పెట్టి పిలిపించింది. మొదట వచ్చినవాడు రెండో ఏడు చదివే మంగ్లు. ప్రశ్న అడిగి, నాలుక పళ్ళకింద నొక్కిపెట్టుకుంది. రెండో నిమిషానికి చెమటలు పట్టాయి. అయిదో నిమిషానికి ప్రాణం కడబట్టింది. ఎనిమిదో నిమిషంలో మంగ్లు గొంతు సవరించుకుని, ఏడాది మొత్తంమీద మొదటిసారి ఆమెతో మాట్లాడాడు.

జవాబు పూర్తిగా తప్పు.

సాయిదుర్గకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఎందుకలా అనుకున్నావని వాణ్ణి అడిగి, కుర్చీ లాక్కుని కూర్చుంది.