గుట్ట మీద హాజరు

జంపక్కకు ఆబ్సెంట్ అనే మాటంటే మొదటినుంచీ గిట్టదు. భద్రాచలం దాటి అడవిలోకి పోయే దారిలో చివరి గూడెం అంగన్‌వాడీకి ఆమె ఇరవై ఆరేళ్లుగా టీచర్. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తల్లులు తెల్లారకముందే పిల్లల్ని చంకనేసుకుని పువ్వు ఏరడానికి అడవికి పోతారు. జంపక్క చెట్టుచెట్టుకూ తిరిగి, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి, అప్పుడు హాజరు పుస్తకం తెరిచేది. ఇంకొకరైతే కూర్చున్నచోటే వరసగా ఆబ్సెంట్ రాసి చేతులు దులుపుకునేవారు.

ఇప్పుడా మాట ఆమె పేరు పక్కకే వచ్చి కూర్చుంది. పైవాళ్లు ఫోన్ ఇచ్చారు. పొద్దున పదింటిలోపు అందులో మొహం చూపిస్తేనే డ్యూటీకి వచ్చినట్టు. ఇచ్చిన మహానుభావులు గూడెంలో సిగ్నల్ ఉందా అని మాత్రం అడగలేదు. సిగ్నల్ గుట్ట మీదే. ఎక్కి దిగడానికి గంట. ఆయా పోస్టు ఏడాదిగా ఖాళీ, ఆలోపు పిల్లల్ని చూసే దిక్కు లేదు. మోకాళ్లు పట్టేసినా రెండు నెలలు రోజూ ఎక్కింది. ఒకరోజు దిగొచ్చేసరికి నాలుగేళ్ల దస్రు టీచర్‌ను వెతుక్కుంటూ వాగులోకి దిగి, నడుం లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. వాణ్ని బయటికి లాగి, ఆ సాయంత్రం దాకా చంక దింపలేదు. మర్నాటి నుంచి ఆమె గుట్టెక్కలేదు.

తొమ్మిది రోజులకు తొమ్మిది ఆబ్సెంట్లు పడ్డాయి. పదోది పడితే ఉద్యోగం తీసేస్తామని కాగితం వచ్చింది. పదో రోజు పొద్దున్నే సూపర్‌వైజర్ ప్రమీల బండి మీద వచ్చింది. జంపక్క అప్పుడు పిల్లలకు తలలు దువ్వుతోంది. ప్రమీల చెడ్డ మనిషి కాదు, ఆమె నెత్తిన కూర్చున్నవాళ్లూ ఉన్నారు. ఫోన్‌లో పడకపోతే తను కళ్లారా చూసినా లెక్కలోకి రాదని, ఒక్కసారి గుట్టెక్కి రమ్మని బతిమాలింది.

"గుట్ట మీదుంటే వీళ్లకు ఆబ్సెంట్, వీళ్ల దగ్గరుంటే మీకు ఆబ్సెంట్. అలిసిపోయిన, మేడం. ఏదో ఒకటి రాసుకోండ్రి," అంది జంపక్క.

ప్రమీల ఆమె చేతిలోంచి దువ్వెన తీసుకుంది. "ఈ పూట పిల్లల్ని నేను చూస్తా. పోయి రా అక్కా."

"మరి రేపో?"

ప్రమీల తర్వాతి పిల్ల తల దువ్వడం మొదలుపెట్టింది.

జంపక్క ఎక్కింది. మొహం చూపించింది. హాజరు పడింది. సంతోషమేమీ కలగలేదు, ఒళ్లంతా నీరసమే. బండ మీద కూలబడి కిందికి చూసింది. పిల్లలు ఒక్కరూ లోపల లేరు. గుమ్మం ముందు గుట్టకేసి చూస్తూ నిలబడ్డారు. ప్రమీల వాళ్లను లోపలికి తోలుతుండగానే దస్రు తప్పించుకుని వాగు దారి పట్టాడు.

జంపక్క ఫోన్‌ను బండ మీదే వదిలేసి దిగడం మొదలుపెట్టింది.